నాయనమ్మ పలకని పేరు

ఆ రోజుల్లో, హిందీవాళ్ల ఊళ్లో ఉన్న మా రిసాలి ఫ్యాక్టరీ క్వార్టర్లలో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది గాని, తెలుగు చదవగలిగిన పిల్లలు మాత్రం బాగా తక్కువ. మా అన్నయ్యలిద్దరూ హిందీ బడికి పోయేవారు. నాకు చిన్నప్పుడు ఆయాసం ఉండడంతో బడి తప్పింది; నాన్న డ్యూటీ దిగి వచ్చాక పాత పంచాంగాలు ముందేసుకుని అక్షరాలు నేర్పాడు. (ఆ ఆయాసానికి కూడా నేను రోజూ దండం పెట్టుకుంటాను. అది లేకపోతే ఈ నాలుగు ముక్కలు రాయగలిగేదాన్ని కాదు.) అంచేత ఇంటికి ఏ తెలుగు కాగితం వచ్చినా నా చేతికే వచ్చేది. దాంతో పదహారేళ్లకే నాకు కాస్త గర్వం... కాస్తేమిటి, బాగానే ఉండేది.

ఎనభైలు ఇంకా కొత్తగా ఉన్న ఆ ఏడాది నాయనమ్మ కోరిక తీరే రోజు వచ్చింది. గయ వెళ్లి పిండాలు పెట్టించాలని ఆవిడ ఎన్నేళ్లుగానో అడుగుతోంది. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే పెదనాన్న నాయనమ్మకి పెద్దకొడుకు కనక పిండాలు పెట్టే కర్త ఆయనే. నాన్నకి సెలవు దొరికింది, టిక్కెట్లు తీశారు. అప్పుడు గుడి పంతులుగారు పోయిన పెద్దల పేర్లు రాసి తెమ్మన్నారు. తాతయ్య పేరు తెలుసు. తాతయ్యని కన్న మా ముత్తాత పేరు మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకపోతే గోత్రంతో సరిపెట్టవచ్చన్నారు పంతులుగారు. నాయనమ్మ ఒప్పుకోలేదు.

"తొమ్మిదేళ్లకి ఆ ఇంట్లో కాలెట్టేను. బువ్వ తిన్నావేటమ్మా అని అడిగినోరు మా మావగోరు ఒక్కరే. ఆరిని పేరెట్టి పిలవకపోతే ఎలగొస్తారు?" అంది.

మరి ఆ పేరేదో చెప్పవచ్చు కదా అంటే, చెప్పదు. కోడలు మామగారి పేరు పలకకూడదు. పలకకపోవడమేమిటి, ఎవరైనా పలికితే వినకూడదు కూడా. రాసి ఇమ్మందామంటే ఆవిడకి అక్షరాలు రావు. నేను బతిమాలితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గడ్డంతో గుమ్మం వైపు చూపించింది. గుమ్మంలో పెదనాన్న సిమెంటు దుమ్ముతో నిలబడి చెప్పులు విడుస్తున్నాడు. ఓహో, ఆయన్ని అడగమంటోందన్నమాట అనుకుని అడిగాను.

"నాకేటి తెలుసమ్మా, నా మూడో ఏటే పోయేరట. తాతని తాతా అనే పిలిచుంటాను," అన్నాడు పెదనాన్న.

నాయనమ్మ మళ్లీ గడ్డంతో అటే చూపించింది. నేను, "అడిగానే, ఆయనకీ తెలీదట" అని చెప్పి, ఇక ఈ ముసలావిడతో పని కాదని రేకు పెట్టె తెరిచాను. నాలాంటి చదువరికి కాగితాలుండగా మనుషులెందుకు?

పెట్టెలో పాత భూమి దస్తావేజు ఉంది. అందులో మా ఇంటిపేరుతో 'పెంటయ్య' అని ఉంది. సంబరపడి, అటక మీది గంగాళం దింపి చింతపండుతో తోమితే, అంచు మీద అదే ఇంటిపేరు, పక్కన 'అప్పలస్వామి'. పెట్టె అడుగున దొరికిన శిస్తు రసీదులో 'నూకయ్య'. మూడింటిలోనూ ఊరొకటే. నేను తోముతుంటే చూడవచ్చిన పక్క క్వార్టర్ దీదీ సంగతి విని, "తీన్ తీన్ పరదాదా?" అని బుగ్గ మీద వేలేసుకుంది. ముగ్గురు ముత్తాతలంటే వీళ్ల ముత్తవ్వ గట్టి మనిషే అని వీధి కుళాయి దగ్గర చెప్పుకుని నవ్వారట. నేను మాత్రం మంచి దస్తూరితో 'ముత్తాతలు' అని పైన రాసి, కింద మూడు పేర్లూ వరసగా రాసి నాన్నకి ఇచ్చాను.

"ముగ్గురికీ పెట్టేద్దాం. ఎవరికి అందాలో ఆరికే అందుతాది," అన్నాడు నాన్న.

నాయనమ్మ ఆ మాట విని గోడవైపు తిరిగి కూర్చుంది. ప్రయాణానికి బట్టలు సర్దుకోలేదు, నేనే సర్దాను. అప్పుడూ నాకు బుద్ధి రాలేదు.

దుర్గ్ స్టేషన్‌లో రైలు ఆగాక, డబ్బా తలుపు పక్కన అంటించిన చార్టు మీద నాన్న వేలు పెట్టి చదివాడు. తన పేరు, నాయనమ్మ పేరు, ఆ తర్వాత "ఇదిగో, అన్నయ్యది... జగన్నాథం" అన్నాడు గట్టిగా. చటుక్కున నాయనమ్మ కొంగు తలమీదికి లాక్కుని, రెండు చెవులూ మూసుకుని పక్కకి ఒదిగి నిలబడింది, ఎవరో పెద్దమనిషి నడిచి వస్తుంటే దారిచ్చినట్టు. ఎదురుగా ఎవరూ లేరు, ఒక కూలీ తప్ప.

నా చేతిలోని పులిహోర గిన్నె కింద పెట్టేశాను; అప్పుడు వెలిగింది నాకు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆవిడ పెద్దకొడుకుని 'బాబు' అనే గాని పేరుతో పిలవగా వినలేదు. దేవుడి గదిలో కూడా ఆవిడకి అందరూ పేరున్న దేవుళ్లే, ఆ ఒక్కడు మాత్రం 'పూరీ సామి'. మాకేమో పెదనాన్న జాముల్ పెదనాన్నే. ఆయనకి ఒక పేరుందని ఫ్యాక్టరీ గేటు దగ్గర తప్ప ఎవరికీ గుర్తులేదు.

"నాయనమ్మా, ముత్తాత పేరూ పెదనాన్న పేరూ ఒకటేనా?" అన్నాను.

"రెండుసార్లు సూపించేను కదే తల్లీ," అందావిడ, కళ్లు తుడుచుకుంటూ. "సదువుకున్నదానివి, నీకు తెలీదనుకోనేదు."

పెదనాన్న, "పూరీ మొక్కు వల్ల పెట్టేరనుకున్నాను సుమీ," అని తల గోక్కున్నాడు. మిగతా కథ రైలు ఆగిన ఆ ఐదు నిమిషాల్లోనే, ఒక్క పేరూ పలక్కుండా చెప్పింది నాయనమ్మ. ముందు పుట్టిన పిల్లలు దక్కలేదని మా ముత్తాతని పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తవుడిచ్చి కొనుక్కుని ఒక పేరు పెట్టారట. సింహాచలంలో తలనీలాలిచ్చాక వాళ్లమ్మ ఇంకో పేరుతో పిలుచుకుందట. బారసాలనాడు చెవిలో చెప్పిన అసలు పేరు పూజలోనే పలికేవారట. (నూకయ్య ఎవరో ఆవిడకీ తెలియదు. ఎవరైతేనేం, మా పొలానికి శిస్తు కట్టాడు, సంధ్య దీపం దగ్గర ఆయన్నీ తలుచుకుంటాను.) నాన్న నా కాగితం మీద మూడు పేర్లూ కొట్టేసి నాలుగోది రాసుకున్నాడు. రైలు కదిలింది.

వాళ్లు గయ నుంచి తిరిగొచ్చాక, పిండాల దగ్గర పేరు వినబడిందా అని నాయనమ్మని అడిగాను. నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది. "సెవులు మూసుకున్నాను. ఒక్క ఏలు మాత్రం రవ్వంత ఎడం సేసేను."

ఇప్పుడు నాకూ ఒక మనవరాలుంది. చేతిలో జపమాల ఉన్నప్పుడు నేను గడ్డంతో మంచినీళ్లు చూపిస్తే, అది వెళ్లి ఫ్యాను వేసి వస్తుంది, అంతా తెలిసినట్టు. దాని తప్పేముంది? చల్లగా ఉండమ్మా అని మనసులో దీవించి, లేచి నా నీళ్లు నేనే తెచ్చుకుంటాను.