అర్థం కాలేదని చెప్పే ఉద్యోగం

మా అత్త దర్జీ. విశ్వవిద్యాలయం వెనక గేటుకు ఎదురుగా ఆమె కొట్టు. ఒక కుట్టుమిషను, ఒక కత్తిరింపు బల్ల, ఒక నిలువుటద్దం, వచ్చినవాళ్ళు కూర్చోడానికి పొడుగు బెంచీ, అంతే. మధ్యాహ్నం రెండు దాటాక ఎండ అద్దం మీద పడి, అక్కణ్ణుంచి ఎదురుగోడ మీదికి జారుతుంది. వేలాడే బట్టలన్నీ నీళ్ళలో తేలుతున్నట్టు కనిపిస్తాయి. ఆ వేళలో మిషను చప్పుడు వింటే ఎంతటివాడికైనా రెప్పలు బరువెక్కుతాయి. కొలతలివ్వడానికి వచ్చి నిలబడే కునికినవాళ్ళను నేను చూశాను.

ఆమె చదివింది పదో తరగతి. అయినా నెలకోసారి, మొదటి మంగళవారం, కొట్టు మూసి, కళ్ళజోడు తుడుచుకుని ఆ గేటులోంచి లోపలికి వెళ్ళి ప్రొఫెసర్ల మధ్య కూర్చుంటుంది. అది నైతిక పరిశీలన కమిటీ. ఆ యూనివర్సిటీలో ఎవరైనా మనుషుల మీద పరిశోధన చెయ్యాలంటే, రక్తం తీసినా, ప్రశ్నలడిగినా, ఆఖరికి నడిపించి చూసినా, ముందు ఆ తొమ్మిది మంది సరేననాలి. ఆ తొమ్మిదిలో మా అత్త ఒకతె.

ఎలా కుదిరిందంటే, కమిటీ కార్యదర్శి ఒకరోజు ప్యాంటు నడుము వదులు చేయించుకోడానికి వచ్చాడు. ఆమె టేపు పట్టి కొలుస్తుంటే ఉన్నట్టుండి అడిగాడు.

"మీరు డాక్టరు కాదు కదండీ?"

"అలా కనిపిస్తున్నానా?"

"మీ ఇంట్లో ఎవరికీ మా దగ్గర ఉద్యోగం లేదు కదా?"

"మా మేనల్లుడికి అక్కడ సీటుండేది. వాడే వదిలేసి వచ్చాడు."

"అయితే మరీ మంచిది," అన్నాడు కార్యదర్శి. నా చదువు ఎవరికైనా పనికొచ్చింది అంటే అదొక్కసారే.

వాళ్ళకు నియమం ఉందట. బయటివాళ్ళు, సైన్సు తెలియనివాళ్ళు ఒకరైనా ఉండాలి. వాళ్ళు లేకపోతే ఎంతమంది డాక్టర్లున్నా సమావేశం చెల్లదు, టీ తాగి ఇంటికెళ్ళిపోవడమే.

"నేనేం చెయ్యాలక్కడ?"

"పరిశోధనకు వచ్చేవాళ్ళ చేత సంతకం పెట్టించే కాగితం చదవాలి. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పాలి."

"దానికి మనిషిని పెట్టుకోవాలా?" అని అత్త నవ్వింది. కానీ ఒప్పుకుంది. యూనివర్సిటీకి సంబంధం లేని మనిషిగా ఉండాలి కాబట్టి, అంతవరకు కుట్టే ప్రయోగశాల తెల్లకోట్ల పని కూడా మానుకుంది.

ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో అత్త ఒక్కసారి కూడా అర్థం కాలేదని చెప్పలేదు. పొడుగు బల్ల, చల్లగాలి, మూతలు పెట్టిన నీళ్ళగ్లాసులు, ఎవరి ముందు వాళ్ళ కాగితాల కట్ట. అందరూ మెల్లగా, నిద్రలో మాట్లాడుకుంటున్నట్టు మాట్లాడేవారు. అధ్యక్షుడు చివర్న ఆమె వైపు తిరిగి "మీకేమైనా సందేహమా అమ్మా?" అనేవాడు. అత్త అర్థమైనట్టు తలూపేది.

అలా తలూపిన కాగితాల్లో ఒకటి మధ్యాహ్నపు నిద్ర మీద పరిశోధన.

అది చేస్తున్నది ఒక పరిశోధక విద్యార్థిని. మా వీధిలో అందరూ ఆ అమ్మాయిని నిద్రమ్మ అనేవారు. బూడిదరంగు తెరలు కట్టిన గదిలో ఆరు మంచాలు. వచ్చినవాళ్ళ తలకు జిగురుతో సన్నటి తీగలు అంటిస్తారు. పడుకున్నాక, మూసిన రెప్పల కింద కనుగుడ్లు కదలడం మొదలైతే కల వస్తోందన్నమాట. అప్పుడు నిద్రమ్మ మెల్లగా భుజం తట్టి లేపి, "ఇప్పుడేం చూస్తున్నారు?" అని అడిగి రికార్డు చేస్తుంది. ఒక్కొక్కరికి పన్నెండు మధ్యాహ్నాలు.

వెళ్ళిన ఇరవై నాలుగు మందిలో మా పక్క కొట్టు తాళాల తాత ఒకడు. భార్య పోయి రెండేళ్ళయింది. మధ్యాహ్నం ఎలాగూ బేరాలుండవని వెళ్ళాడు. మొదటిరోజు జుట్టులో జిగురుతో తిరిగొచ్చి, "నా తలకాయలో ఏ రేడియో స్టేషను పలుకుతుందో చూస్తారటమ్మాయ్," అని అందర్నీ నవ్వించాడు.

నెల తిరిగేసరికి ఆ నవ్వు లేదు. ఒక వారంలో మూడు తాళంచెవులు తప్పు కోశాడు. యాభై ఏళ్ళ పనిలో ఎప్పుడూ లేనిది. అత్త మిషను ఆపి అతని కొట్టుకు వెళ్ళింది.

"ఏమైంది బాబాయ్?"

"నిద్ర పట్టట్లేదు."

"నిద్రపోవడమే పనిగా పెట్టుకున్నవాడివి, నీకేం రోగం?"

తాత చేతిలో తాళంచెవిని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత చెప్పాడు. మంచం మీద కళ్ళు మూసుకోగానే పెరడు వస్తుందట. తీగ మీద తెల్ల దుప్పటి ఆరేసి ఉంటుంది. దాని వెనకాల ఆవిడ, అటు తిరిగి. పిలుస్తాడు. దుప్పటి గాలికి మెల్లగా లేస్తుంది. ఆవిడ ఇటు తిరగబోతుంది. సరిగ్గా అప్పుడు భుజం మీద చెయ్యి పడుతుంది.

"ఎనిమిది సార్లమ్మాయ్. ఒకసారి చెవి కనబడింది, ఒకసారి చెంప. ముఖం మాత్రం చూడనివ్వలేదు. ఇప్పుడు ఇంట్లో పడుకున్నా అంతే. పెరడు రాగానే ఎవరో లేపుతారని నాకు నేనే లేచిపోతున్నా."

"మానెయ్యొచ్చుగా మరి?"

"పన్నెండని సంతకం పెట్టాను. ఇంకా నాలుగున్నాయి. జనం ఇంటి తాళాలు నా చేతిలో పెట్టిపోతున్నారంటే ఎందుకు? మాట తప్పననే కదా."

"ఎప్పుడు కావాలంటే అప్పుడు మానెయ్యొచ్చని ఆ కాగితంలోనే ఉండాలి బాబాయ్."

తాత పెట్టెలోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. అత్త వేలు పెట్టి వెతికి పైకి చదివింది. "పరిశోధనలో పాల్గొనువారు ఏ దశయందైనను కారణము తెలుపకయే తమ సమ్మతిని ఉపసంహరించుకొను స్వేచ్ఛ కలిగియున్నారు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"దీనర్థం అదేనా?" అన్నాడు తాత.

"అదే అనుకుంటా."

"అనుకోవడమేంటమ్మాయ్? దీన్ని ఒప్పుకుంది నువ్వే కదా."

కోపంగా అనలేదు. మామూలుగా అడిగాడు. అదే అత్తను పట్టుకుంది. ఆ సాయంత్రం ఆమె ఒక చొక్కాకు రెండు చేతులూ ఎడమచేతులే కుట్టింది.

మర్నాడు పొద్దున వెళ్ళి చెప్పి చూసింది. "నేను చెబుతున్నా కదా, వెళ్ళకు." తాత కదల్లేదు. "నువ్వు చెబితే సరిపోదు. సంతకం వాళ్ళ దగ్గరుంది." తొమ్మిదో నిద్ర సోమవారం. కమిటీ మంగళవారం. అత్త కార్యదర్శికి ఫోన్ చేసింది. పాల్గొన్న మనిషికి ఇబ్బంది కలిగిందని ఎవరైనా చెబితే అత్యవసరంగా కూర్చోవాలన్న నియమం కూడా ఉందట. శనివారమే పిలిచారు.

అత్త లేచి నిలబడి మాట్లాడింది. అక్కడ ఎవరూ నిలబడరు.

"నేను అబద్ధం చెప్పానండీ."

"ఏం అబద్ధమమ్మా?" అన్నాడు అధ్యక్షుడు. ఆయన గుండె డాక్టరు.

"తలూపాను. ఈ వాక్యం నాకు అర్థం కాలేదు. సిగ్గేసి అడగలేదు. మా బాబాయికీ అర్థం కాలేదు. ఆయనకు నిద్ర పట్టకుండా పోయింది. నా కుర్చీ ఇంకెవరికైనా ఇవ్వండి."

అధ్యక్షుడు ఆ వాక్యాన్ని మెల్లగా రెండుసార్లు చదివి, "దీన్ని రాసిందెవరు?" అన్నాడు. ఎవరూ రాయలేదు. నమూనా కాగితంలో ఉంది. పదకొండేళ్ళుగా ప్రతి పరిశోధనలోనూ అదే వాక్యం, ఎవరో ఎప్పుడో కన్న కలలాగా, ఒక కాగితంలోంచి ఇంకో కాగితంలోకి నడుచుకుంటూ వస్తోంది.

"చట్టప్రకారం సరిగ్గానే ఉంది," అన్నాడు న్యాయశాస్త్రం ప్రొఫెసరు.

"కొలత ప్రకారం చొక్కా కూడా సరిగ్గానే ఉంటుందండీ. వేసుకున్నవాడికి చెయ్యి లేవకపోతే ఏం లాభం?"

ఎవరో నవ్వారు. అత్త నవ్వలేదు. "సంతకమంటే గుడ్డకు కత్తెర పెట్టినట్టు అనుకుంటారు మావాళ్ళు. ఒకసారి తెగితే అతకదని. మీ సంతకం సుద్దగీత అండీ. దులిపేస్తే పోతుంది. ఆ ముక్క మీరు వాళ్ళకు చెప్పలేదు. చెప్పించాల్సింది నేను."

నిద్రలు ఆపేశారు. కొత్త కాగితం రాసి, ఇరవై నాలుగు మందినీ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పి, మళ్ళీ అడిగేదాకా ఎవరికీ తీగలు అంటించకూడదని తీర్మానం. కుర్చీ సంగతి అధ్యక్షుడు కాగితాలు సర్దుకుంటూ తేల్చేశాడు. "ఏడాదికి మీరు మీ పని మొదలుపెట్టారు. ఇప్పుడు మానేస్తానంటే ఎలా?"

బయట వరండాలో నిద్రమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అత్త వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఏడాది పని ఆంటీ."

"తెలుసమ్మా."

"నేను లేపినప్పుడల్లా ఆయన నవ్వేవారు. బాగానే ఉందనుకున్నాను."

"పెద్దవాళ్ళు అంతే. ఎవరు లేపినా నవ్వుతారు."

కొత్త కాగితంలో ఆ వాక్యం అత్త చెప్పగా కార్యదర్శి రాశాడు. నేను చూశాను. 'ఈ సంతకం మిమ్మల్ని కట్టిపడేయదు. రేపు రాబుద్ధి కాకపోతే రాకండి. ఎందుకని ఎవరూ అడగరు. ఎవరూ కోప్పడరు. ఇంతవరకు చెప్పినవి కూడా తీసెయ్యమంటే తీసేస్తాం.' ఇరవై నాలుగులో ఐదుగురు మానేశారు. తాత అయిదోవాడు. లోపలిదాకా వెళ్ళి, వాళ్ళ నోట విని, అప్పుడు నమ్మాడు.

నిద్ర మాత్రం వెంటనే తిరిగిరాలేదు. మూడు వారాలు పట్టింది. ఒక మధ్యాహ్నం, ఎండ అద్దం మీంచి గోడ మీదికి జారుతున్న వేళ, తాత అరువు కత్తెర తిరిగివ్వడానికి వచ్చి, బెంచీ మీద కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. తల కింద ఎవరిదో కుట్టని కోటు గుడ్డ. అత్త మిషను తొక్కుతూనే ఉంది. ఆపితే లేస్తాడని భయం.

అప్పుడే నిద్రమ్మ వచ్చింది. తాత పాత రికార్డులు ఉంచాలా, తీసెయ్యాలా అని రాతపూర్వకంగా అడగాలి. చేతిలో కాగితం. గుమ్మంలో ఆగింది. తాత రెప్పల కింద కనుగుడ్లు కదులుతున్నాయి. ఆ అమ్మాయి చూపు చేతిగడియారం మీదికి పోయింది, చెయ్యి ముందుకు లేచింది. అలవాటు. అత్త తొక్కడం ఆపకుండానే తల అడ్డంగా ఊపింది. చెయ్యి దిగిపోయింది.

అత్త, నిద్రమ్మ, నేను ముగ్గురం అలా ఉండిపోయాం. గోడ మీద వెలుగు ఒక తెల్లగుడ్డ మీంచి ఇంకో తెల్లగుడ్డ మీదికి నడిచింది. ఒకాయన చొక్కా కోసం వచ్చి, మా ముఖాలు చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి తాత తనంతట తానే కళ్ళు తెరిచాడు. మమ్మల్ని చూసి నవ్వలేదు. అద్దం వైపు చూస్తూ కాసేపు కూర్చున్నాడు. ఏం చూశావని ఎవరూ అడగలేదు. నిద్రమ్మ వచ్చిన పని మెల్లగా చెప్పింది.

"ఉంచుకో అమ్మా," అన్నాడు తాత. "ఆ ఎనిమిదీ నీవే. ఈ ఒక్కటి మాత్రం రాసుకోకు."

కాగితం మీద సంతకం పెట్టేముందు చివరి వాక్యం దాకా చదివాడు. మధ్యలో ఒకచోట ఆగి వేలు పెట్టి చూపించాడు. "ఇది అర్థం కాలేదు."

అత్త మిషను ఆపి కళ్ళజోడు పెట్టుకుంది.