చిన్నమామ కంటిపాప

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో, మా తాతయ్య శిల్పాల షెడ్డులో జరిగిన ఒక సంగతిని మా ఇంట్లో అందరూ ఒకే రకంగా చెప్పుకుంటారు. మా చిన్నమామకు కన్నతండ్రి మీదే పగ ఉండేదనీ, అమ్మవారి విగ్రహానికి కండ్లు తెరవబోయే ముందు అది బయటపడిందనీ, అందుకే తాతయ్య ఆయన చేతిలోని ఉలి తీసేసుకున్నాడనీ. పెండ్లిళ్లలో, దినాల దగ్గర ఈ మాట వచ్చిన ప్రతిసారీ నేను తల వంచుకుని అన్నం తిన్నాను. ఆ పూట షెడ్డులో ఇంకొక చేయి కూడా పని చేసింది. అది నాది. దాదాపు నలభై ఏళ్లు నేను చెప్పకుండా దాచింది అదే.

విగ్రహం అంతా చెక్కడం అయ్యాకే కండ్లు తెరుస్తారు. కంటిపాప గీత పడేదాకా అది రాయి, పడ్డాక దేవత. ఆ గీత గీసే చేతికి ఎవరి మీదా పగ ఉండకూడదని తాతయ్య పట్టు. ఉందో లేదో కనిపెట్టడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. గీత గీయబోయే మనిషిని తలుపు వైపు ముఖం పెట్టించి కూర్చోబెట్టేవాడు. షెడ్డులో పనిచేసేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి అతని ఎదురుగా కూర్చోవాలి. తాతయ్య పక్క నుంచి వంగి అతని కంటిపాపనే చూసేవాడు. అందరూ అయ్యాక చివరన తానే ఎదురుగా కూర్చునేవాడు.

“గిట్టిన మొగం కనపడితే పాప విచ్చుకుంటాదిరా. గిట్టకుంటే ముడుచుకుంటాది. నోరు దాస్తాది గానీ పాప దాయలేదు,” అని నాకు నేర్పాడు. పిల్లిని ఎండలోకి తెచ్చినా దాని పాప ముడుచుకుంటుంది కదా అని అడిగితే నవ్వాడు. “అందుకే తలుపుకు గోనెపట్టా కట్టేది. వెలుతురు మారితే పాప అబద్ధం చెప్తాది.” ఆ పట్టా అంచు కదలకుండా బయట నిలబడి పట్టుకునే పని నాకే ఇచ్చాడు. పదకొండేళ్లవాడికి అది చిన్న గౌరవం కాదు.

ఆ ఎండాకాలం సెలవుల్లో నేను ఒక రాతిముక్క మీద మా అమ్మ ముఖం చెక్కాను. నెల పట్టింది. వేళ్లు బొబ్బలెక్కాయి. అమ్మవారి విగ్రహం చేయించుకుంటున్న డోన్ వైపు పెద్దమనుషులు వచ్చిన రోజు, అందరికీ కనపడేలా దాన్ని పెట్టాను. చిన్నమామ ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏందిరా ఇది?”

“అమ్మ.”

“మా అక్కనా! గుమ్మడికాయకు ముక్కు పెట్టినట్లుండాది గదరా. ఈ మొగమే ఉండింటే మీ నాయన పెండ్లిచూపుల నాడే గోడ దుంకి పారిపోతాండె!”

షెడ్డంతా నవ్వింది. తాతయ్య కూడా నవ్వాడు. మామ ఆ ముక్కను రాతిపెళ్లల కుప్ప మీదికి విసిరాడు. మా అమ్మ ముక్కు విరిగింది.

ఆ తర్వాత నాకు వేరే ఆలోచన లేదు. ఆయన ఉలులు దాచేద్దామనుకున్నాను. సైకిల్ టైరు కోసేద్దామనుకున్నాను. అవి సాయంత్రానికల్లా సర్దుకుపోయే నష్టాలు. నాకు సర్దుకోనిది కావాలి. ఒక్క విగ్రహానికైనా తన చేత్తో కండ్లు తెరవాలని మామ ఏళ్లుగా తండ్రిని బతిమాలుతున్నాడు. ఈ విగ్రహానికి తాతయ్య ఒప్పుకున్నాడు. ఆ సంగతి తెలిసిన పూటే నేను వెతుకుతున్నది దొరికింది.

ఆ ఉదయం మామ తలంటు పోసుకుని, కొత్త పంచె కట్టుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరే ఎదురుగా కూర్చుని లేస్తున్నారు. “బాగుండాది,” “బాగుండాది,” అని లోపలి నుంచి తాతయ్య గొంతు వినిపిస్తోంది. చివరికి ఆయనే తలుపుకు వీపు పెట్టి కొడుకు ఎదుట కూర్చున్నాడు. నేను గోనెపట్టాను రెండు వేళ్ల వెడల్పు పక్కకు జరిపాను. మెల్లగా, ఎవరూ ఉలిక్కిపడనంత మెల్లగా.

ఆ సందులోంచి వెలుతురు మామ ముఖం మీద పడటం చూశాను. తర్వాత తాతయ్య అన్నాడు: “నా మీదనా, అప్పా?”

మామ తన తండ్రి భుజం మీదుగా తలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు. సిగ్గుతో ముఖం దాచుకుంటున్నాడనుకున్నాను. తాతయ్య ఉలి తీసుకుని తానే అమ్మవారి కండ్లు తెరిచాడు. అబద్ధం రాయను, ఆ మధ్యాహ్నం తిన్నంత తీపి పాయసం నేను మళ్లీ తినలేదు.

నెల తిరక్కుండా మామ నంద్యాల వెళ్లిపోయి పాలిష్ బండలు కోసే పనిలో చేరాడు. ముప్పై ఏళ్లకు పైగా ముఖం లేని రాళ్లే కోశాడు. తాతయ్య పోయినప్పుడు వచ్చి, శవానికి దూరంగా నిలబడి, వెళ్లిపోయాడు. అదిగో పగ, అన్నారు చుట్టాలు.

పోయిన నెల నంద్యాలలో ఆయన కంటికి ఆపరేషన్ చేయించాలంటే తోడు వెళ్లాను. ముందుగా పరీక్ష కోసం రెండు కండ్లలోనూ చుక్కలు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. అక్కడ నోరు తెరిచాను.

“మామా, ఆ పొద్దు పట్టా జరిపింది నేనే.”

“తెలుసు. తలుపుకు ఎదురుగా కూచున్నోన్ని, నాకు కనపడదా? పట్టా కింద నీ కాలివేళ్లు గూడ కనపడె.”

“మరి తాతకు ఎందుకు చెప్పలేదు?”

“చెప్పింటే నీకు నాలుగు పీకుతాండె, ఆడికి సరిపోతాండె. చెప్పకుంటే జన్మంతా నువ్వే మోస్తావనుకుంటి.” ఆగి నవ్వాడు. “బాగా మోసినావు గదరా. నేనూ మోసినాలే.”

నాకు తెలియకుండానే తాతయ్య నేర్పినట్టు వంగి ఆయన కండ్లలోకి చూశాను.

“ఏందిరా, పాపలు చూస్తాండావా? మందేసినారప్పా. ఈ పొద్దు ఎవురు ఎదురుగా కూచున్నా ఇట్లే ఉంటాయి.”

నిజమే. రెండు పాపలూ అంచులదాకా విచ్చుకుని ఉన్నాయి. నా ముఖం గిట్టిందో లేదో వాటిని చూసి చెప్పలేను. ఇవాళ్టికీ ఎవరి ముఖంలోనైనా కోపం కనిపిస్తే, ముందు వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూస్తాను. ఆ షెడ్డు నుంచి నా వెంట వచ్చింది అదొక్కటే.

బెంచీ దిగి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను.

“తప్పయిపోయింది మామా. నీ చేతికి రావాల్సిన కండ్లు నేను రానీలేదు. నీకు తాత మీద పగ లేదని ఇంట్లో అందరికీ రాసి ఇస్తా.”