పెరటాసి శనివారం చిత్తూరు బస్సు

పెండ్లై తిరుపతికి వచ్చినప్పటి నుంచీ శనివారం నేను వాకిలి దాటింది లేదు. ఏడాదంతా ఒంటిపొద్దు. కొండ మీది సామికి మొక్కే పెరటాసి నెలలో అయితే పిండిదీపం కూడా. తడిబియ్యం పిండిలో బెల్లం కలిపి ముద్ద చేసి, నడుమ గుంట పెట్టి, నెయ్యి పోసి వెలిగిస్తాను. దీపం కొండెక్కినాక ఆ పిండే ప్రసాదం.

ఆ నియమాన్నే అడ్డం పెట్టుకుని తొమ్మిదేండ్లుగా ఒక మనిషి దగ్గరికి పోకుండా ఉన్నాను. చిత్తూరులో ఉండే నా చిన్ననాటి స్నేహితురాలామె. వారమంతా కుట్టుపని, ఆదివారం చర్చి. ఆమెకి తీరిక దొరికేది శనివారమే.

నేను బడి గడప తొక్కలేదు. నాయన వసారాలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించినాడు. పక్కింటి నుంచి ఆమె రోజూ సాయంత్రం వచ్చి, ఆ పొద్దు బడిలో నేర్చుకున్న లెక్కలు నాకు చెప్పేది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే నాయన పుణ్యమెంతో ఆమె పుణ్యమూ అంతే.

ఈ పెరటాసిలో ఒక గురువారం ఆమె ఫోన్ చేసింది.

"మే, ఈ శనివారం వస్తావా?"

"పెరటాసి కదా, చూద్దాంలే."

"సరేలే. ఇన్నేండ్లూ అడిగినాను. ఇంక పిలవను."

కోపంగా అనింటే నేనూ కోపంగానే బదులిచ్చేదాన్ని. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత నెమ్మదిగా చెప్పి పెట్టేసింది.

శనివారం పొద్దున్నే పిండి కలిపి డబ్బాలో పెట్టినాను. నెయ్యి సీసా, వత్తులు, అగ్గిపెట్టె సంచిలో వేసుకున్నాను.

"ఏమ్మే, ఈ పొద్దు దీపం లేదా?" అన్నాడు మా ఇంటాయన.

"ఉండాది. చిత్తూరులో."

"పెరటాసి శనివారం ఇల్లొదిలి పోతారా ఎవరైనా? సామి ఏమనుకుంటాడు?"

"అంత ఎత్తు కొండ మీద ఉండాడు, ఆయనకి చిత్తూరు కనపడదా? పప్పుచారు పొయ్యి మీద ఉండాది. పెట్టుకోని తినండి."

బస్సులో ఆడోళ్లకి ఉచితమే, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు చేతిలో పెట్టినాడు. కిటికీ పక్కనే సీటు. ఇంట్లో అయితే ఆ వేళకి పూజ సామాన్లు తోముతా ఉంటాను. చంద్రగిరి దాటినాక కొంగు గాలికి ఎగురుతా ఉంటే, ఏదో తప్పు చేస్తున్నానేమోనని లోపల ఎంత వెతుక్కున్నా తప్పు దొరకలేదు.

మెడలో కొలత టేపుతోనే ఆమె తలుపు తీసింది. "పిలవనంటే వచ్చినావా మే!" అని నా రెండు చేతులూ పట్టుకుని నవ్వింది.

కాళ్లు కడుక్కుని వచ్చేసరికి డబ్బా మూత తీసి ఉండాది. ఆమె నోట్లో పిండి.

"చలిమిడి బాగుండాది. నా కోసమేనా?"

నా ముఖం చూసి నమలడం ఆపేసింది. అది దీపం పెట్టే పిండి అని చెప్పక తప్పలేదు.

"అయ్యో, మీ సామికంటే ముందు నేను తినేసినానే!" చేయి కొంగుకి తుడుచుకుంది. "ఇందుకేనా ఇన్నేండ్లూ రానిది? నా ఇంట్లో నీ నియమం చెడిపోతాదనా?"

కాదని గట్టిగా అనలేకపోయినాను. దీపం నా పూజగదిలో మాత్రమే చెల్లుతాదని నేను అనుకున్న మాట నిజం.

"సామి రావద్దని ఎప్పుడూ అనలేదు. ఆయన పేరు చెప్పి రాకుండా ఉండింది నేనే," అన్నాను.

ఆమె తుంచుకున్న చోట పిండిలో చిన్న గుంట పడి ఉండాది. వేరే గుంట చేయలేదు. అందులోనే నెయ్యి పోసి, వత్తి వేసి, కుట్టుమిషను పక్కన బల్ల మీద వెలిగించినాను. గాలి తగలకుండా ఆమె చేయి అడ్డం పెట్టింది. సామీ, ఈ మనిషిని నాకు మిగిల్చినావని దండం పెట్టుకున్నాను.

ఇంటికొచ్చినాక మా ఇంటాయన అడిగినాడు. "దీపం పెట్టినావా?"

"పెట్టినాను. ఆమె ఎంగిలి చేసిన పిండితోనే."

"అది చెల్లుతాదా?"

"నాకు చెల్లింది."

ప్రసాదం డబ్బా ఆయన ముందు పెట్టినాను. తినేదీ మానేదీ ఆయన ఇష్టం. వచ్చే శనివారానికి ఆమె నన్ను పిలవలేదు. నేను పోతాండాను.