బొత్తాల డబ్బా మూతలో సగం గింజ

ఆవగింజలో అరవయ్యో వంతు అని జనం మాటవరసకు అంటారు గానీ, ఆవగింజంత గింజను నిజంగా కోసి చూసినవాళ్ళు ఎందరు? సూదక్క కోసింది. తొమ్మిదేళ్ళపాటు, రోజుకు రెండువందల చొప్పున.

నిజానికి అవి ఆవాలు కావు, ఆవాలకు పెదనాన్న బిడ్డలు. రేప్‌సీడ్ అంటారు. అదే గుండ్రం, అదే నలుపు. పిండితే నూనె బాగానే దిగుతుంది, కానీ అందులో ఎరూసిక్ ఆమ్లమని ఒకటుంది. పరీక్షల్లో అది ఎలుకల గుండెకు చేటు చేసిందని తేలాక ఆ నూనెను వంటింట్లోకి రానివ్వడానికి చాలామంది జంకారు. యంత్రాలకు పూయడానికైతే పేచీ లేదు. ఆ ఆమ్లం లేని గింజ ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలు, దాని సంతతినే పెంచుదామని విత్తన పరిశోధన కేంద్రంలో పెద్దసారు పంతం పట్టాడు. గింజ గుట్టు తెలియాలంటే నలిపి నూనె తీయాలి. నలిపితే ఇక మొలవదు. ఈ చిక్కు విప్పడానికే సూదక్కను పిలిపించారు.

అంతకుముందు ఆమె దర్జీ కొట్లో చొక్కాలకు కాజాలు కుట్టేది. పేరు అక్కడ వచ్చిందే. ఇక్కడ సూది పోయి బ్లేడు వచ్చింది. నానిన గింజను భూతద్దం కింద పెట్టి, పొట్టు ఒలిచి, వేరు మొన ఉన్న సగాన్ని ఒకవైపు, వట్టి పప్పు సగాన్ని మరోవైపు చేసేది. పప్పు సగం సీసాలో పడి, నూనెను పరీక్షించే మిషన్‌కు పోతుంది. మొలక సగం తడి కాగితం మీదికి చేరుతుంది. రెండింటికీ ఒకటే నంబరు. మొట్టమొదటి సగం గింజ ఆకు వేసిన రోజు సంబరంతో ఆమెకు అన్నం సహించలేదు.

"సగమే అత్తయ్యా! మిగతా సగం లేదన్న సంగతే దానికి తెలీదు. పచ్చగా లేచి కూర్చుంది!" అని ఇంటికొచ్చి చెప్పింది.

"ఇంజన్లో పోసే నూనెకి ఇంత తతంగమా?" అంది అత్తగారు. "నువ్వెన్ని కోసినా అది నా మూకుట్లోకి రాదే అమ్మాయ్."

తొమ్మిదేళ్ళూ అత్తగారి మాటే నెగ్గుతూ వచ్చింది. గింజలో ఆ ఆమ్లం ఉంటే మిషన్ గీసే గీత ఒకచోట కొండలా లేస్తుంది. మిషన్ చూసుకునే, అందరూ బాబాయి అని పిలిచే పెద్దాయన, ఇప్పుడు రిటైరు కావడానికి ఏడాదే ఉన్న మనిషి, రోజూ సాయంత్రం కాగితం మడిచి "ఇవాళా కొండేనమ్మా" అనేవాడు.

అలాంటిది ఒకరోజు బ్లేడు జారింది. ఆమెకు తుమ్ము రాలేదు, చెయ్యి వణకలేదు, ఊరికే జారింది. భూతద్దంలో చూస్తే వేరు మొన తెగి పడి ఉంది. పప్పు సగం అప్పటికే సీసాలో పడిపోయింది. రిజిస్టర్లో నంబరు ఎదుట 'రద్దు' అని రాసి, దెబ్బతిన్న సగాన్ని పారేయాలని నియమం. లేకపోతే కుళ్ళి పక్కవాటికి బూజు పట్టిస్తుంది. రద్దు అని రాసింది. పారేయడానికి మాత్రం మనసొప్పలేదు. తప్పు నాది, శిక్ష దానికా అనుకుంది. సంచీలో ఉన్న పాత బొత్తాల డబ్బా మూత తీసి, తడి దూది పరిచి, గింజను అందులో పెట్టి, మిగతా వాటికి దూరంగా కిటికీ గట్టు మీద ఉంచి, పైన గాజు గ్లాసు బోర్లించింది. అలవాటు కొద్దీ మూత అంచున నంబరు కూడా గీసింది.

ఎనిమిదో రోజు బాబాయి కుర్చీ తోసేసి లేచాడు.

"సారూ! కొండ లేదు సారూ!"

మిషన్ చెడిందేమోనని మిగిలిన చుక్కతో మళ్ళీ నడిపారు. గీత నేలబారుగానే వచ్చింది. అప్పుడు నంబరు చూసి రిజిస్టరు తెరిచారు. తొమ్మిదేళ్ళలో సూదక్క రద్దు అని రాసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ఒకటి ఇదే.

పెద్దసారుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇన్నేళ్ళకి దొరికింది! దొరికినదాన్నే పారేసుకున్నామా?"

"పారెయ్యలేదు సార్."

"పారెయ్యమని కదా రూలు!"

"అవును సార్."

ముగ్గురూ కిటికీ దగ్గరకు నడిచారు. ఉన్నది పది అడుగులే అయినా సూదక్క అందరికన్నా వెనకపడింది. నాలుగు రోజుల కిందట చూసినప్పుడు అది కొద్దిగా పచ్చబడింది, కానీ వేరు లేదు. వేరు లేని పచ్చదనం ఎన్నాళ్ళుంటుంది? ఆ భయంతోనే మళ్ళీ అటు చూడలేదు. ఇప్పుడు గ్లాసు తీసింది.

దూది మీద ఒంటి ఆకు నిలబడి ఉంది. దాని కింద, సరిగ్గా బ్లేడు తెంపిన అంచు నుంచే, మూడు తెల్లటి పోగులు దూదిలోకి దిగి ఉన్నాయి. తను తెంపింది ఒక్క వేరు, అది వేసింది మూడు. దండం పెట్టాలనిపించింది ఆమెకు. ఎవరికి పెట్టాలో తెలియక చేతులు ముడుచుకుని అలాగే నిలబడిపోయింది.

"నిన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యాలో, నీ కాళ్ళకి మొక్కాలో తెలీట్లేదమ్మా" అని పెద్దసారు నేల మీదే చతికిలబడ్డాడు.

మొక్కను కుండీలోకి మార్చాక సూదక్క ఆ బొత్తాల మూతను ఇంటికి తెచ్చి, దాని కథ అత్తగారికి చెప్పి దాచుకుంది. ఆ మొక్క కాసిన గింజలన్నీ సూదక్కే కోసింది. బ్లేడు జారలేదు, కొండ లేవలేదు. ఆ తర్వాత, నూనె తీయగా మిగిలే పిండిలోని ఘాటు కూడా తగ్గిన జాతులతో దాన్ని కలిపి, మడుల నుంచి పొలాలకు తెచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టింది. అలాంటి గింజల నూనెనే ఇప్పుడు కనోలా అంటున్నారు.

ఆ నూనె మొదటి డబ్బా ఇంటికొచ్చేనాటికి అత్తగారికి చూపు బాగా మందగించింది. బంగాళాదుంప వేపుడు రెండోసారి వడ్డించుకుంది.

"ఏం నూనె ఇది? ఘాటూ లేదు, పాడూ లేదు."

"మీ మూకుట్లోకి రాదన్నదే అత్తయ్యా." సూదక్క ఆమె ఎడమ అరచేతిలో ఒక గింజ పెట్టింది. "ఇదుగో, ఇలాంటి దాంట్లోంచి."

"ఏదీ? నా చేతిలో ఏం లేదే."

"ఉంది. వేలితో తడమండి."

ముసలామె తడిమింది. చాలాసేపటికి వేలికి తగిలింది. "ఇంతేనా?"

"అందులో సగం అత్తయ్యా."

ముసలామె నమలడం ఆపేసింది. గుప్పిట మెల్లగా మూసి, దాన్ని గుండెకు దగ్గరగా పట్టుకుంది.

"ఆ బొత్తాల మూత ఇలా తేవే అమ్మాయ్," అంది, "పడిపోతుందేమో."