ఊరేగింపులో మేళమే ముందు

ఇప్పటికీ ఎక్కడైనా బ్యాండు మోగితే నా కాలు తాళం వేస్తుంది, చెవి మాటల కోసం వెతుకుతుంది. కణేకల్ బస్సులో పక్కన కూర్చున్న బ్యాండాయన నేర్పిన అలవాటు అది. ఆయన ఒళ్లో సొట్టపడ్డ ట్రంపెట్ ఉంది.

"ఏమైందన్నా దీనికి?"

"మా ఊరికి లీడరు వచ్చినాడప్పా. స్వాగతానికి మమ్మల్ని పిలిచినారు. అందరూ ఎగిరే దరువేసి, 'కాలవ తవ్వినారే, నీళ్లు యాడ సారూ' అని పాడినాం. మొదట ఆయప్ప కూడా చిటికెలేసినాడు. మాటలు అర్థమైనాక జీపు పోనియ్యమన్నాడు. యాడికి పోతాది? ఊరేగింపులో మేళం ముందు, జీపు ఎనక! ఎండిన బోర్లన్నీ చూపిచ్చుకుంటా నిదానంగా నడిచినాం. పాట అయిపోతానే ఆయన మనుషులు దీన్ని రాయికేసి కొట్టినారు."

"మరి ఇంక పాడరా?"

ఆయన ట్రంపెట్ ఎత్తి ఊదాడు. దాని గొంతు జీరగా వచ్చింది గానీ దరువు తప్పలేదు. కండక్టరు ఆపమని అరిచాడు. అంతలో ముందు సీటులోని అవ్వ పాట అందుకుంది. ఆయన నాకు చెప్పని రెండో చరణం అది.

ఆయన ఆశ్చర్యపోయి ఊదడం ఆపాడు. "యా ఊరు అవ్వా నీది?"

"యా ఊరైతే ఏమప్పా," అంది అవ్వ. "నువ్వు ఊదు!"