పోతుపంది కుదిర్చిన సంబంధం

హానోవర్‌లో మన తెలుగువాళ్లు ఏ ఇద్దరు కలిసినా ఒక మాట చెవిలో వేసుకుంటారు. ఈవాకీ నథానియేల్‌కీ పెళ్లి కుదిర్చింది పాస్టరు గారూ కాదట, పెద్దలూ కాదట, విత్తు కొట్టని ఒక పోతుపందట. నిజమేనని చెప్పినవాళ్లు ఇప్పటిదాకా లేరు. అయినా ఆ మాట చస్తేగా.

ఈవాది చీరాల. ఇక్కడ ఒక ల్యాబులో పందుల జన్యువులు చూసే ఉద్యోగం. పంది చెవి నుంచి మిరపగింజంత ముక్క ఇస్తే చాలు, అది ఎంత తొందరగా పెరుగుతుందో, కొవ్వు ఎలా పడుతుందో, కోశాక మాంసం నీళ్లు కార్చి పాలిపోతుందో లేక ఎర్రగా మెత్తగా ఉంటుందో చెప్పేస్తుంది. జన్యువుల్లో గుర్తులుంటాయట, వాటిని మార్కర్లంటారట. 'ఒక్క అక్షరం తేడా ఆంటీ, కండ దిట్టంగా పడుద్ది. ఇంకో అక్షరం మారిందా, ఆ కండే కూరలో చెప్పు తోలు' అని కళ్లు ఇంతింత చేసుకుని చెబుతుంది. సంబంధాలు చూసేవాళ్లు కూడా వంశం గురించి అంత ఆరా తీయరు.

మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో ఈస్టరు విందుకి పందికూరంటే వరమ్మ గారే వండాలి. గుంటూరు మనిషి. కూర కంటే మాట కారం. పోయినేడు కూరలో ముక్క గట్టిగా వచ్చింది. అందరూ నోరు మూసుకుని నమిలారు గానీ ఈవా ఊరుకోలేదు.

"తప్పు మీ చేతిది కాదు ఆంటీ, పందిది. వచ్చే ఏడు పందిని నేను చూస్తా. కూర కూడా నేనే వండుతా."

వరమ్మ గారు గరిటె తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టారు. "వండు. జనం పళ్లేలు ఖాళీ చేస్తే గరిటె నీది. లేదంటే మళ్లీ ఈ వంటగది గడప తొక్కనని పాస్టరు అయ్యగారి ముందు ఒప్పుకో."

"తొక్కనులెండి," అనేసింది ఈవా.

అనడమైతే అంది గానీ, ఒంటరి పిల్లకి ఈ దేశంలో ఇల్లులాంటి చోటంటూ ఉంటే ఆదివారం పూట ఆ వంటగదే. అది పోతే వారమంతా మాట్లాడ్డానికి పందులే మిగులుతాయి.

ఏడాదంతా వెతికింది. చివరికి ల్యాబుకి చెవి ముక్కలు పంపే ఒక ముసలి రైతు దగ్గర దొరికింది మహానుభావుడు. పెరుగుదల, మెత్తదనం, రసం, ఏ మార్కరు చూసినా రాజయోగమే. ఏనుగంత ఉండేదని నేను విన్నాను. కోసి ఇచ్చేటప్పుడు రైతు ఒక్క జాగ్రత్త చెప్పాడు. దీనికి విత్తు కొట్టలేదు, వృషణాలు అలాగే ఉన్నాయి, ఇలాంటి పోతుల్లో కొన్నిటి కొవ్వు వేడెక్కితే కంపు కొడుతుంది, ముందు ఒక ముక్క పెనం మీద వేసి వాసన చూడమన్నాడు. ఈవా అలాగే చేసింది. ముక్క చిటపటలాడింది. దాదాపు పెనానికి ముక్కు ఆనించి పీల్చింది. కంపు లేదు. కంపు కాదు గదా, దాని నీడ కూడా లేదు. ఇంక ఆ పిల్ల ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆ ఈస్టరుకి నేను ఊళ్లో లేను, విన్నది విన్నట్టు చెబుతున్నా. హాలు కిటకిటలాడింది. ఈవా గోంగూర వేసి వండిన కూర గిన్నె మూత తీసింది.

ఆ కంపు డ్రెస్డెన్ దాకా పోయిందంటారు. అంత కాకపోయినా, బయట ట్రామ్ ఎక్కబోయినవాళ్లు మాత్రం నడిచి పోయారు. పిల్లలు "ఎస్ ష్టింక్ట్", కంపు కొడుతోందని జర్మన్‌లో అరుస్తూ తోటలోకి పరుగు తీశారు.

వరమ్మ గారు చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. "ఏమే ఈవా, పందిని వండావా, పంది దొడ్డిని వండావా?"

ఈవా గిన్నెలోకి తల పెట్టి చూసింది. అల్లం, గోంగూర, అంతే. "అందరూ ఆంటీ వైపే చేరారా ఏంటి?" అంది.

అప్పుడు లేచాడు నథానియేల్. సాముయేలు అయ్యగారి మేనల్లుడు, జిండెల్ఫింగెన్‌లో కార్ల ఇంజినీరు. పండక్కని వచ్చి, ఆ పిల్లని అంతకుముందెప్పుడూ చూడనివాడు, ఖాళీ పళ్లెం పట్టుకొచ్చి నిలబడ్డాడు.

"ఇంకో గరిటె వేయండి. ఇంత మెత్తటి ముక్క నేనెక్కడా తినలేదు."

"మీకు వాసన రావట్లేదా?"

"ఏం వాసనండీ?"

ఈవా గరిటె గాల్లోనే ఆగిపోయింది. హాలంతా తేరిపార చూసింది. పారిపోయినవాళ్లు పారిపోగా మిగతావాళ్లలో చాలామంది హాయిగా తింటున్నారు. ఒక బల్ల దగ్గర పెళ్లాం ముక్కు మూసుకుంటే మొగుడు వేళ్లు నాకుతున్నాడు. అయ్యగారైతే కళ్లు మూసుకుని, "నాకేదో గంధం వాసనలా ఉందమ్మా," అన్నారు.

"ఆ గంధం మీరే పూసుకోండి అయ్యగారూ," అన్నారు వరమ్మ గారు.

ఈవా మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. "ఆంటీ, ఇదీ జన్యువుల సంగతే. పోతుకంపు కొందరి ముక్కుకి తెలుస్తుంది, కొందరికి అస్సలు తెలీదు, కొందరికి కమ్మగా ఉంటుంది. పందిలో కంపు మార్కర్లు కూడా ఉంటాయి, అవి మాత్రం చూడలేదు నేను. నా ముక్కుని నమ్ముకున్నా."

"అంటే పందిది తప్పు కాదు, నీ ముక్కుది."

ఈవా తల దించుకుని గరిటె చాపింది. ఒప్పందం ఒప్పందమే. వరమ్మ గారు తీసుకోలేదు. ఖాళీ పళ్లేలు చూశారు, నిండు పళ్లేలు చూశారు.

"సగం మంది తిన్నారు. కాబట్టి సగం గరిటె నీది. ఇకనుంచి మార్కర్లు నువ్వు చూడు, వాసన నేను చూస్తా, కూర ఇద్దరం వండుదాం. ముందు ఆ అబ్బాయికి వడ్డించు, పళ్లెం పట్టుకుని విగ్రహంలా నిలబడ్డాడు."

ఆ వడ్డన ఇంకా ఆగలేదు. వచ్చే నెల పెళ్లి నమోదుకి ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, కూడా దొరికింది. మొన్న ప్రార్థన అయ్యాక ఇద్దరినీ పట్టుకుని ఈ పంది కథ నిజమేనా అని మొహం మీదే అడిగాను.

"ఎవరు చెప్పారాంటీ మీకు? ఆ రోజు నేను వండింది చికెను," అంది ఈవా.

"అవునాంటీ, చికెనే. విత్తు కొట్టనిది," అన్నాడు నథానియేల్.

ఈవా అతని కాలు తొక్కింది. "పోతుపందీ లేదు, కంపూ లేదు. ఈయన నాకు రైల్లో పరిచయం. మీరు విన్నదంతా అబద్ధం."