తేలిపోయిన అంగీ

పాస్టర్లకు కాలర్లూ అంగీలూ కుట్టీ కుట్టీ ఆయనకు కాలర్ తాత అనే పేరు స్థిరపడిపోయింది. ఒకప్పుడు అంగీ కోత చూసి అది ఏ సంఘం పాస్టరుదో ఇట్టే చెప్పేవాడు. ఇప్పుడు ఆ పాస్టర్లంతా జీన్స్ ప్యాంట్లలోకి దిగిపోయారు. ఎవరిది ఏ సంఘమో దేవుడికే తెలియాలి. జనం పలచబడిన తాత వాళ్ళ పాత చర్చి కూడా ఆదివారం మధ్యాహ్నాలు హాలును కొత్త సంఘానికి అద్దెకిచ్చింది. అద్దెకున్నవాళ్ళ డ్రమ్ములకు కిటికీలు అదురుతుంటే, సొంతవాళ్ళు పొద్దున ఖాళీ బెంచీల మీద కునికిపాట్లు పడుతున్నారు. అదేం ఖర్మో అని తాత సణుక్కుని ఊరుకున్నాడు. తన చేతుల్లో పెరిగిన మనవరాలు కూడా ఆ కొత్త సంఘానికే వెళ్ళేసరికి మాత్రం ఒళ్ళు మండింది.

"తాతయ్యా, వచ్చే ఆదివారం నాకు బాప్తిస్మం. అంగీ నువ్వే కుట్టాలి."

"మళ్ళీ బాప్తిస్మమేంటే? నెలల పిల్లవి, నేనే ఎత్తుకుని నిలబడ్డాను. నీ ఏడుపుకి పాస్టరు చదివే చోటు మర్చిపోయాడు."

"నీళ్ళ తొట్టిలో నిండా మునగాలి తాతయ్యా. అది ఊరికే నీళ్ళు చల్లడం. లెక్కలోకి రాదంట."

గోడమీది ఫోటోలో ఆ పసిపిల్ల గౌను కనిపిస్తూనే ఉంది. కుట్టు తాతది, దానిమీద నీలం దారపు పువ్వులు చనిపోయిన ఆయన భార్య చేతివి. లెక్కలోకి రాదంట! మనిషన్నవాడికి కోపం రాదా మరి?

అయినా కుట్టాడు. పాస్టర్లకు కుట్టినట్టే, వెడల్పాటి కుచ్చులతో బ్రహ్మాండంగా కుట్టాడు.

శనివారం మనవరాలు తడి బట్టలతో, ఎర్రబడ్డ కళ్ళతో వచ్చింది. ఎలా మునగాలో చూపిస్తామని తొట్టిలోకి దింపితే అంగీ బుడగలా ఉబ్బి మెడదాకా తేలిందట. అందరూ పగలబడి నవ్వారట.

"కావాలనే ఇలా కుట్టావు కదూ! రేపు ఎవరిదైనా అడిగి వేసుకుంటాలే. నువ్వు రానక్కర్లేదు."

తాతకు తల కొట్టేసినట్టయింది. ఆయన సంఘంలో అంగీ ఎప్పుడు తడిసింది గనక, నీళ్ళ సంగతి తెలియడానికి? ఆ మాటే చెప్పబోయాడు. ఆ పిల్ల తడి అంగీని విప్పి బయటికి విసిరేసి, గది తలుపు వేసేసుకుంది.

కర్టెన్లు ఎగరకుండా అంచుల్లో బరువుకు వేసే సీసపు బిళ్ళలు బయటికి తీశాడు. వట్టిగా కుడితే తెల్లగుడ్డకు మరక పడుతుంది, ఒక్కోదానికీ తొడుగు కావాలి. కాసేపు పళ్ళు నూరుతూ కూర్చున్నాడు. తర్వాత పెట్టెలోంచి ఆ చిన్న గౌను తీసి, కత్తెర పెట్టాడు.

"లెక్కలోకి రాదా? ఇదీ మునుగుతుంది, అప్పుడేమంటారో చూస్తా."

తెల్లారి అంగీని ఆమె తలుపుకు తగిలించి, పిలవకపోయినా వెళ్ళి వెనక నిలబడ్డాడు. ఆమె ఆ అంగీలోనే తొట్టిలోకి దిగింది. ఈసారి అది బుద్ధిగా మునిగింది.

గట్టెక్కి అంచు పిండుకుంటున్న మనవరాలి చేతులు ఆగిపోయాయి. మడత తిప్పి చూసింది. నీలం పువ్వు. తల ఎత్తి, జనంలో తాత కోసం వెతికింది.

"తాతయ్యా, ఇది నానమ్మ..."

"బరువు కోసం వేశాను," అన్నాడు తాత, ఇంకా కోపంగానే.